ఉమ్మడి డేటాబేస్‌లో 2,800 మంది కస్టమర్లు: వేరు కాపురం పెట్టించాలా?

పాతకోడ్ కాపరి (హైదరాబాద్), 20వ తేదీ, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. ఇంకా ఆఫీసులోనే ఉన్నాను. 20వ తేదీ అంటే మాకు టెన్షన్. నెలవారీ జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-3బీ దాఖలుకు చివరి రోజు కదా. మాది మందుల డిస్ట్రిబ్యూటర్లు, హోల్‌సేల్ షాపులు వాడే బిల్లింగ్, స్టాకు, ఖాతాల సాఫ్ట్‌వేర్. 2012లో మొదలైంది. నేను 2019లో చేరాను. మొదట్లో రాసినవాళ్లు ఇప్పుడు ఒక్కరూ లేరు.

డేటాబేస్ ఒక్కటే, పోస్ట్‌గ్రెస్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. మొదట సింగపూర్‌లో ఉండేది, 2016లో ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ అద్దె సర్వర్లు) ముంబై రీజియన్ వచ్చాక అక్కడికి తెచ్చారట. 2,800 మంది కస్టమర్లూ అందులోనే ఉన్నారు. ప్రతి టేబుల్‌లో కంపెనీ ఐడీ అని ఒక కాలమ్, ప్రతి క్యూరీలో (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలో) దాని మీద ఒక షరతు, అంతే. డేటా 2 టెరాబైట్లు దాటింది. మామూలు రోజుల్లో సీపీయూ 35 శాతం దగ్గర ఉంటుంది. జీఎస్టీఆర్-1 గడువైన 11న, మళ్లీ 20న 95కి ఎక్కి కూర్చుంటుంది. ఇవాళ మధ్యాహ్నం రెండు గంటల పాటు ఒక్కో బిల్లు సేవ్ కావడానికి 20 సెకన్లు పట్టింది. కౌంటర్ ముందు మనిషిని నిలబెట్టుకుని 20 సెకన్లు ఎదురుచూసిన షాపు యజమాని ఫోన్‌లో మాతో ఏం మాట్లాడాడో ఇక్కడ రాయలేను.

సర్వర్ సైజు ఇప్పటికే మూడుసార్లు పెంచాం. పైవాళ్లు 'షార్డింగ్ చేసేయండి, మూడు నెలల్లో అయిపోవాలి' అంటున్నారు. అంటే డేటాను ముక్కలు చేసి వేర్వేరు డేటాబేసుల్లో పంచడం. టీమ్‌లో ఉన్నది నలుగురం. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

ఉలవచారు, 21వ తేదీ, ఉదయం 7:10

మూడు నెలలు అన్నాయన ఎవరో గానీ, ఎప్పుడూ ఇల్లు మారినట్టు లేడు.

కొత్తకుండ, 21వ తేదీ, ఉదయం 9:30

అన్నా, మొత్తం అప్లికేషన్‌ని మైక్రోసర్వీసులుగా, అంటే చిన్న చిన్న ప్రోగ్రాములుగా విడగొట్టి, వాటిని నడిపే కుబెర్నెటిస్ మీద పెడితే ఆటోమేటిక్‌గా స్కేల్ అవుతుంది కదా? మా కాలేజీ ప్రాజెక్టులో అలాగే చేశాం.

డల్లాస్ బావ, 21వ తేదీ, ఉదయం 9:55

తమ్ముడూ, వాళ్లకి అలసిపోయింది అప్లికేషన్ సర్వర్ కాదు, డేటాబేస్. ముందు ఇంకో పది అప్లికేషన్ సర్వర్లు పెడితే అదే డేటాబేస్ మీదికి ఇంకో పది సర్వర్ల కనెక్షన్లు వస్తాయి. పెళ్లి భోజనాల్లో వంటవాడు ఒక్కడే ఉన్నప్పుడు వడ్డించేవాళ్లని పెంచితే ఏమవుతుందో అదే జరుగుతుంది.

కాపరి గారూ, షార్డింగ్ సంగతి తర్వాత. ముందు ఇవి చెప్పండి. మీ 2,800 మందిలో మొదటి 20 మంది లోడులో ఎంత భాగం తింటున్నారు? 20వ తేదీ మధ్యాహ్నం ఎక్కువ సమయం తిన్న పది క్యూరీలు ఏవి? కనెక్షన్ల లెక్క ఎంత, మధ్యలో కనెక్షన్లను అందరికీ పంచే పీజీబౌన్సర్ ఉందా? ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. 'డేటాబేస్ నిండిపోయింది' అన్న చోట సగం సార్లు నిండింది డేటాబేస్ కాదు, ఏదో రెండు క్యూరీలు దారికి అడ్డంగా పడుకుని ఉంటాయి.

బెజవాడ బిట్స్, 21వ తేదీ, ఉదయం 10:20

నాది ఇంకో చిన్న ప్రశ్న. మీ పెద్ద టేబుల్‌లో ప్రైమరీ కీ (ప్రతి వరుసకూ ఇచ్చే ఐడీ నంబరు) చిన్న హద్దు ఉన్న ఇంటీజరా, పెద్ద హద్దు ఉన్న బిగ్ఇంటా? ఇప్పుడు గరిష్ఠ విలువ ఎంతకు చేరింది? 2012 నాటి కోడ్ అన్నారు కాబట్టి అడుగుతున్నాను.

పాతకోడ్ కాపరి, 21వ తేదీ, మధ్యాహ్నం 1:15

బెజవాడ గారూ, మీరు అడిగింది చూసి భోజనం మధ్యలో లేచి వచ్చాను.

బిల్లు లైన్ల టేబుల్, ఇంటీజర్. గరిష్ఠ ఐడీ 178 కోట్లు. రోజుకు దాదాపు 40 లక్షల లైన్లు చేరుతున్నాయి.

బెజవాడ బిట్స్, 21వ తేదీ, మధ్యాహ్నం 1:22

ఇంటీజర్ హద్దు 214,74,83,647. అంటే మీకు మిగిలింది 36 కోట్ల చిల్లర. దాన్ని 40 లక్షలతో భాగించండి. మూడు నెలలు.

మీ పైవాళ్లు షార్డింగ్‌కి ఇచ్చిన గడువూ ఇదీ ఒకటే, చూశారా. షార్డింగ్ ఆలస్యమైతే తిట్లు తింటారు. ఇది ఆలస్యమైతే 2,800 షాపుల్లో ఒక్క బిల్లూ పడదు. బేస్‌క్యాంప్ అనే ప్రాజెక్టుల సాఫ్ట్‌వేర్‌కి 2018 నవంబరులో సరిగ్గా ఇదే జరిగింది. ఒక టేబుల్‌లో ఐడీ ఈ అంకె దగ్గరికొచ్చి ఆగిపోయింది. దాదాపు 5 గంటలు జనం ఉన్నవి చదువుకోగలిగారు గానీ కొత్తగా ఏదీ రాయలేకపోయారు. అది వాళ్లే బయటకు చెప్పుకున్నారు కాబట్టి మనకు తెలుసు. చెప్పుకోనివాళ్లు ఇంకెందరో.

ఉలవచారు, 21వ తేదీ, మధ్యాహ్నం 1:30

గోరుచుట్టు మీద రోకటి పోటు.

డల్లాస్ బావ, 21వ తేదీ, రాత్రి 8:05

కంగారులో నేరుగా కాలమ్ టైప్ మార్చే ఆల్టర్ కమాండ్ కొట్టకండి. అది టేబుల్ మొత్తం తిరగరాస్తుంది, అంతసేపూ చదవడానికి కూడా ఎవరినీ రానివ్వదు. మీ సైజుకు అది గంటల పని.

మామూలు దారి ఇది. పక్కన బిగ్ఇంట్ కాలమ్ ఒకటి ఖాళీగా చేర్చండి. కొత్తగా వచ్చే, మారే వరుసలకు ట్రిగ్గర్ (దానంతట అదే నడిచే చిన్న కోడ్) దాన్ని నింపుతుంది. పాతవాటిని చిన్న చిన్న విడతలుగా, మధ్యలో ఊపిరి తీసుకుంటూ నింపండి. అంతా నిండాక కాంకరెంట్లీతో (పని ఆపకుండా) యూనిక్ ఇండెక్స్ (ఒకే ఐడీ రెండుసార్లు రాకుండా చూసే సూచిక) కట్టి, తక్కువ రద్దీ ఉన్న రాత్రి కొన్ని సెకన్ల లాక్‌లో పేర్లు అటూఇటూ మార్చండి. ఆ ఐడీని దాచుకున్న మిగతా టేబుళ్లు, జావా కోడ్‌లో ఇంట్ అని రాసినచోట్లు ముందే వెతకాలి. అందరూ మర్చిపోయేది ఇక్కడే.

గడువు లోపల కాకపోతే ఒక దొడ్డిదారి ఉంది. ఐడీ నంబర్లు ఇచ్చే సీక్వెన్స్‌ని మైనస్ 214 కోట్ల నుంచి మొదలుపెట్టించడం. ఇంకో 214 కోట్లు దొరుకుతాయి. కాకపోతే 'ఐడీ పెద్దది అయితే కొత్త బిల్లు' అని నమ్మిన ప్రతి స్క్రీనూ తలకిందులవుతుంది. చేతిలో పెట్టుకోండి, వాడకుండా బయటపడటానికి చూడండి.

పాతకోడ్ కాపరి, 24వ తేదీ, సాయంత్రం 6:40

ఇద్దరం ఐడీ పని మీద కూర్చున్నాం. మిగతా ఇద్దరం బావ గారి ప్రశ్నలకు జవాబులు తీశాం.

క్యూరీల సమయం లెక్కగట్టే పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్‌లో కస్టమర్ ఎవరో తెలియలేదు. అది విలువలన్నీ తుడిచేసి అందరి క్యూరీలనూ ఒకటిగా కలిపేస్తుంది. అందుకని ప్రతి క్యూరీ మొదట్లో కంపెనీ ఐడీని కామెంట్‌గా తగిలించి, అర సెకను దాటినవన్నీ లాగ్‌లోకి వచ్చేలా పెట్టాం. రెండు రోజుల లాగ్ చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మొదటి 20 మంది కస్టమర్లు మొత్తం సమయంలో 41 శాతం. అందులోనూ ఒకే ఒక్క డిస్ట్రిబ్యూటర్, నలభై బ్రాంచీలు ఉన్నాయన, 13 శాతం. మేం ఆయన దగ్గర తీసుకుంటున్నది చిన్న షాపు కట్టే ఫీజుకు నాలుగింతలు మాత్రమే!

ఇంకో వింత. ఒకే స్టాకు రిపోర్టు చిన్న షాపుకు 40 మిల్లీసెకన్లు, ఇంకో చిన్న షాపుకు 9 సెకన్లు. ఇది ఎందుకో అర్థం కాలేదు.

బెజవాడ బిట్స్, 24వ తేదీ, రాత్రి 9:15

ఇది ఉమ్మడి టేబుళ్లలో పుట్టే జబ్బే. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు (ఒకసారి సిద్ధం చేసి విలువలు మార్చి మళ్లీ మళ్లీ వాడే క్యూరీలు) వాడుతున్నారా? పోస్ట్‌గ్రెస్ మొదటి ఐదుసార్లు అసలు విలువలు చూసి, డేటాను ఎలా వెతకాలో ప్లాన్ వేస్తుంది. ఆ తర్వాత ఖర్చు దాదాపు సమానమే అనిపిస్తే, ఎవరు అడిగినా ఒకటే అని ఒక సాధారణ ప్లాన్‌కు వెళ్లిపోతుంది. సగటు కస్టమర్ని ఊహించుకుని వేసిన ప్లాన్ అది. మీ దగ్గర సగటు కస్టమర్ అంటూ ఎవరూ లేరు. ఒకరికి 20 కోట్ల వరుసలు, ఒకరికి 20 వేలు. కనెక్షన్‌ని బట్టి ఎవరి అదృష్టం వాళ్లది. వెర్షన్ 12 నుంచి ప్లాన్ క్యాష్ మోడ్ అనే సెట్టింగ్ ఉంది, ఆ రిపోర్టులకు కస్టమ్ ప్లానే వాడమని చెప్పొచ్చు.

రెండోది, ఆ టేబుల్ మీది ఇండెక్సులు చూడండి. తేదీతో మొదలయ్యేవి ఉన్నాయా? కంపెనీ ఐడీ ముందు ఉండి తేదీ తర్వాత ఉండాలి. తేదీ ముందుంటే చిన్న షాపువాడి పది బిల్లుల కోసం ఆ నెలలో 2,800 మందీ కొట్టిన బిల్లులన్నీ తిరగేస్తుంది.

పాతకోడ్ కాపరి, 24వ తేదీ, రాత్రి 9:40

తేదీతో మొదలయ్యేవి ఏడు ఉన్నాయి.

ఉలవచారు, 24వ తేదీ, రాత్రి 9:41

ఆరు నెలలు సాము చేసి మూలనున్న ముసలమ్మను పొడిచినట్టు, మూడు నెలలు షార్డింగ్ చేసి ఆ ఏడు ఇండెక్సుల్నీ ఎనిమిది సర్వర్లలోకి కాపీ చేసేవాళ్లన్నమాట.

కొత్తకుండ, 25వ తేదీ, ఉదయం 10:00

ఒక డౌట్. ఇంత గొడవ ఎందుకు, ఒక్కో కస్టమర్‌కి ఒక్కో స్కీమా ఇచ్చేస్తే? డేటాబేస్ ఒకటే ఉంటుంది, ఎవరి గది వాళ్లది.

రాత్రి డ్యూటీ (పుణె), 25వ తేదీ, ఉదయం 11:35

నా పాత కంపెనీలో అదే చేశారు. 1,400 స్కీమాలు, ఒక్కోదాంట్లో 200 టేబుళ్లు. మొత్తం 2 లక్షల 80 వేల టేబుళ్లు, ఇండెక్సులు వేరే. ఒక కాలమ్ చేర్చాలంటే 1,400 సార్లు ఆల్టర్ నడవాలి. రాత్రి 1 గంటకు మొదలుపెడితే 900వ దగ్గర ఎక్కడో ఆగేది. తెల్లారేసరికి సగం కస్టమర్లు కొత్త వెర్షన్‌లో, సగం పాతదాంట్లో. ప్రతి కనెక్షనూ తను తాకిన టేబుళ్ల వివరాలన్నీ మెమరీలో పెట్టుకుంటుంది కాబట్టి సర్వర్ మెమరీ అలాగే కరిగిపోయేది. బ్యాకప్ తీసే పీజీ డంప్ గురించి అడక్కండి. యాభై మంది కస్టమర్ల దాకా బాగుంటుంది. వేలల్లో ఉంటే వద్దు.

మీ సెటప్‌కి పీజీబౌన్సర్ పెట్టేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త చెబుతాను, ఇది నేను కాలి నేర్చుకున్నది. మేం రో లెవెల్ సెక్యూరిటీ వాడేవాళ్లం. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ 9.5 నుంచి ఉంది, మంచి సౌకర్యం. కోడ్‌లో ఎవరైనా షరతు మర్చిపోయినా డేటాబేసే అడ్డుకుంటుంది. ఇప్పుడు వచ్చింది ఏ కస్టమరో సెట్ అనే కమాండ్‌తో చెప్పేవాళ్లం. తర్వాత బౌన్సర్‌ని ట్రాన్సాక్షన్ మోడ్‌లో పెట్టాం. ఆ మోడ్‌లో ఒక ట్రాన్సాక్షన్ (ఒకేసారి పూర్తయ్యే పనుల కట్ట) అయిపోగానే అదే కనెక్షన్ ఇంకొకరి చేతికి వెళుతుంది, మనం సెట్ చేసిన విలువతో సహా. ఒక శుక్రవారం సాయంత్రం ఒక కస్టమర్ ఫోన్ చేసి, 'మా జీతాల పట్టీలో ఎవరెవరివో పేర్లు కనిపిస్తున్నాయేంటండీ' అన్నాడు. ఆ వాక్యం వింటే ఇప్పటికీ నాకు చెమటలు పడతాయి. సెట్ కాదు, సెట్ లోకల్ వాడాలి, అదీ ట్రాన్సాక్షన్ లోపల. ఇంకోటి, టేబుల్ ఓనర్‌కి ఈ సెక్యూరిటీ మామూలుగా వర్తించదు, ఫోర్స్ అని ప్రత్యేకంగా చెప్పాలి. మా అప్లికేషన్ ఓనర్ పేరుతోనే లాగిన్ అయ్యేదని కూడా ఆ రోజే తెలిసింది.

లెక్కల మాస్టారు, 25వ తేదీ, మధ్యాహ్నం 2:10

నేను కోడ్ మనిషిని కాదు, ప్రొడక్ట్ ధరలు చూస్తాను. కాపరి గారి పోస్టులో నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది ఒక్కటే. 13 శాతం లోడు తినే మనిషి నాలుగు షాపుల డబ్బులు కడుతున్నాడు. ఇది డేటాబేస్ సమస్యే కాదు, ఉమ్మడి కుటుంబంలో కరెంటు బిల్లు గొడవ. అమ్మకాల సాఫ్ట్‌వేర్ కంపెనీ సేల్స్‌ఫోర్స్ ఉమ్మడి డేటాబేస్ మీద అంత పెద్దదయిందంటే, ఒక ట్రాన్సాక్షన్‌లో మామూలుగా 100 క్యూరీల దాకానే అని హద్దులు పెట్టింది కాబట్టే. డెవలపర్లు ఇప్పటికీ తిట్టుకుంటారు, అయినా పక్కవాడు బతుకుతున్నాడు. మీరు హద్దులు పెట్టండి, లేదా ఆయనకు వేరే ఇల్లు ఇచ్చి అద్దె వసూలు చేయండి.

డల్లాస్ బావ, 25వ తేదీ, రాత్రి 9:30

మాస్టారు అసలు విషయం పట్టారు. నేను ఇక్కడ కాస్త వివరంగా రాస్తాను.

షార్డింగ్ అనగానే 2,800 మందినీ సమానంగా ఎనిమిది డబ్బాల్లో పోయడం గుర్తొస్తుంది. కస్టమర్లు సమానంగా లేనప్పుడు ఆ పంపకం నిలవదు. ఆఫీసు చాటింగ్ యాప్ స్లాక్ ఒకప్పుడు వర్క్‌స్పేస్ (ఒక్కో టీము ఖాతా) వారీగా మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ని షార్డులు (ముక్కలు) చేసుకుంది. చిన్న టీములకు బాగానే ఉండేది. పెద్ద కంపెనీలు వచ్చాక, ఒక్క కస్టమరే ఒక షార్డు మొత్తాన్ని నింపేస్తే ఏం చేయాలో తోచలేదు. దాన్ని ఇంకా చీల్చే దారి లేదు. చివరికి యూట్యూబ్‌లో పుట్టిన వైటెస్ అనే షార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి మారారు. 2017లో మొదలుపెట్టిన పని 2020 చివరికి గానీ ముగింపుకు రాలేదు. మూడేళ్లు పైన, కాపరి గారూ. మూడు నెలలు కాదు.

నోట్స్ యాప్ నోషన్ కథ వేరు. వాళ్లదీ మీలాగే ఒకే పోస్ట్‌గ్రెస్. పాత వరుసల చెత్త తీసే వాక్యూమ్ వెనకబడి, ట్రాన్సాక్షన్ ఐడీలు అయిపోయే ప్రమాదం దగ్గరికొచ్చాక 2021లో విడగొట్టారు. భౌతికంగా 32 డేటాబేసులు, వాటిలో 480 లాజికల్ షార్డులు, అంటే చిన్న డబ్బాలు. 480 ఎందుకంటే అది చాలా సంఖ్యలతో నిశ్శేషంగా భాగించబడుతుంది. 32 ఉన్నచోట ఒక్కోదాంట్లో 15. తర్వాత 2023లో 96కి పెంచుకున్నప్పుడు ఒక్కోదాంట్లో 5. డబ్బాలు మొదట్లోనే చిన్నవిగా ఎక్కువ చేసుకున్నారు కాబట్టి, తర్వాత డబ్బాలను అలాగే ఎత్తి ఇంకో యంత్రంలో పెట్టగలిగారు.

రెండు కథల్లోనూ నాకు కనిపించేది ఒకటే. ఒక్క కస్టమర్ని, వాడికి తెలియకుండా, ఇక్కడ్నుంచి అక్కడికి ఎత్తగలగాలి. అది చేతనైతే షార్డింగ్ అంటే ఆ పని ఎక్కువసార్లు చేయడమే. చేతకాకపోతే ఎన్ని డబ్బాలు కొన్నా వేస్టు. ముందు ఆ నలభై బ్రాంచీల ఆయన్ని ఎత్తండి.

బెజవాడ బిట్స్, 25వ తేదీ, రాత్రి 10:50

దీనితో పూర్తిగా ఏకీభవిస్తాను. ఎత్తడానికి, మార్పులను వెంటవెంటనే ఇంకో డేటాబేస్‌కి పంపే లాజికల్ రెప్లికేషన్ వాడొచ్చు. వెర్షన్ 15 నుంచి పబ్లికేషన్‌లో (పంపే జాబితాలో) 'ఈ కంపెనీ ఐడీ వరుసలు మాత్రమే' అని ఫిల్టర్ పెట్టవచ్చు. కానీ మెలిక ఉంది. అప్‌డేట్లు, డిలీట్లు కూడా వెళ్లాలంటే ఫిల్టర్‌లో వాడిన కాలమ్ రెప్లికా ఐడెంటిటీలో (వరుసను గుర్తించే కాలమ్‌లలో) భాగంగా ఉండాలి, అంటే మామూలుగా ప్రైమరీ కీలో. మీది ఒట్టి ఐడీ. ఎలాగూ బిగ్ఇంట్ కోసం యూనిక్ ఇండెక్స్ కొత్తగా కడుతున్నారు కదా, కంపెనీ ఐడీ, ఐడీ రెండూ కలిపి కట్టేయండి. ఒకే రాత్రి లాక్‌లో రెండు పనులూ అవుతాయి.

సీక్వెన్సులు, టేబుల్ మార్పులు దానంతట అవి వెళ్లవు. చేత్తో చేసుకోవాలి.

బ్యాకప్ సంగతి కూడా అడుగుతాను. ఒకే ఒక్క కస్టమర్ డేటాను నిన్న సాయంత్రం స్థితికి తిరిగి తేగలరా? సాఫ్ట్‌వేర్ కంపెనీ అట్లాసియన్‌కి 2022 ఏప్రిల్‌లో ఒక స్క్రిప్టు పొరపాటున 775 మంది కస్టమర్ల సైట్లను తుడిచేసింది. బ్యాకప్‌లు లేక కాదు, ఉన్నాయి. కానీ బ్యాకప్‌ని యథాతథంగా వెనక్కి పెడితే, ఏమీ కానివాళ్లు కూడా పాత రోజుకు వెళ్లిపోతారు. కొందరికి 14 రోజుల దాకా పట్టింది. ఎత్తే పనిముట్టు మీ దగ్గర ఉంటే, బ్యాకప్‌ని పక్కన లేపి అందులోంచి ఒక్కరినే ఎత్తి తెచ్చుకోవచ్చు.

కొత్తకుండ, 26వ తేదీ, ఉదయం 9:05

రిపోర్టులన్నీ రీడ్ రెప్లికాకి (చదవడానికి మాత్రమే ఉండే కాపీ డేటాబేస్‌కి) పంపేస్తే సగం బరువు తగ్గదా? ఈసారైనా కరెక్టేనా?

రాత్రి డ్యూటీ, 26వ తేదీ, ఉదయం 9:50

ఈసారి కరెక్టే తమ్ముడూ. కానీ రెప్లికా మీద పొడుగు రిపోర్టులు మధ్యలో చచ్చిపోతుంటాయి. ప్రైమరీలో (అసలు డేటాబేస్‌లో) వాక్యూమ్ తీసేసిన వరుసల్నే రెప్లికాలో రిపోర్టు చదువుతుంటే, 30 సెకన్లు ఆగి, రిపోర్టునే చంపేస్తుంది. ఆ గడువు పెంచుకోవచ్చు, అప్పుడు రెప్లికా వెనకబడుతుంది. ఇప్పుడే కొట్టిన బిల్లు రిపోర్టులో లేదని ఫోన్లు వస్తాయి. జీఎస్టీ రిపోర్టు పోయిన నెలది కాబట్టి మీకు ఫరవాలేదనుకుంటాను.

రిపోర్టుల క్యూ ఒకటే ఉంటే దాన్నీ చూడండి. పెద్దాయన నలభై బ్రాంచీలకూ ఒకేసారి నొక్కితే వెనకాల చిన్న షాపులన్నీ నిలబడిపోతాయి. ఒక కంపెనీవి ఒకేసారి రెండుకు మించి నడవకూడదని పెట్టండి.

పాతకోడ్ కాపరి, తర్వాతి నెల 12వ తేదీ, రాత్రి 10:30

ఆలస్యానికి క్షమించండి, ఇళ్లకు సరిగా వెళ్లక చాలా రోజులైంది.

షార్డింగ్ ఇప్పుడు వద్దని పైవాళ్లను ఒప్పించాం. నిజం చెప్పాలంటే ఒప్పించింది నేను కాదు, బెజవాడ గారు వేసిన భాగాహారం. ఆ 36 కోట్ల లెక్క ఒక్క స్లైడ్ మీద పెట్టాను. ఇంకెవరూ మాట్లాడలేదు.

తేదీతో మొదలయ్యే ఏడు ఇండెక్సుల్లో ఐదు తీసేసి, కంపెనీ ఐడీ ముందుండేలా మూడు కట్టాం. రిపోర్టుల క్యూకి కంపెనీకి రెండు అనే హద్దు పెట్టాం. పెద్దాయన మనుషులు మొదటి రోజు గొడవ చేశారు, తర్వాత సర్దుకున్నారు. నిన్న 11వ తేదీ గడిచింది. సీపీయూ 70 దాటలేదు. బిల్లు సేవ్ కావడానికి ఒక సెకను లోపే. సాయంత్రం 6 గంటలకు ఆఫీసులో అందరం స్క్రీన్ వైపు చూస్తూ కూర్చున్నాం. ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడం ఇంత బాగుంటుందని మర్చిపోయాం.

బిగ్ఇంట్ కాలమ్‌లో 112 కోట్ల వరుసలు నిండాయి. విడతకు 10 వేలు చొప్పున, రాత్రిళ్లు మాత్రమే. మొదట 1 లక్ష చొప్పున పెట్టి రెప్లికాని గంటన్నర వెనక్కి నెట్టాం, అందుకని తగ్గించాం. జావాలో ఇంట్ అని రాసిన చోట్లు 61 దొరికాయి. ఆఖరిది ఎక్కడ దొరికిందో తెలుసా? బార్‌కోడ్ ప్రింటర్‌కి పంపే ఒక ఫైలులో. 2013 నుంచి ఎవరూ తెరిచినట్టు లేదు.

డల్లాస్ బావ, తర్వాతి నెల 12వ తేదీ, రాత్రి 10:48

శభాష్. మరి పెద్దాయన్ని ఎప్పుడు ఎత్తుతున్నారు?

పాతకోడ్ కాపరి, తర్వాతి నెల 12వ తేదీ, రాత్రి 11:05

టెస్ట్ సర్వర్‌లో ఒకసారి ఎత్తాం. 340 టేబుళ్లలో 22 టేబుళ్లకు అసలు కంపెనీ ఐడీయే లేదు. పన్ను రేట్లు, మందుల పేర్ల పట్టిక లాంటివి అందరికీ ఉమ్మడివే, కాపీ చేస్తే సరిపోతుంది. కానీ అందులో నాలుగు టేబుళ్లు ఉమ్మడివి కావు, అప్పట్లో ఎవరో కాలమ్ పెట్టడం మర్చిపోయారు. ఏ వరుస ఎవరిదో బిల్లు నంబరును బట్టి వెతుక్కోవాలి. ఒకటి వాపసు సరుకులది. రేపు దానితో మొదలుపెడతాం.

ఉలవచారు, తర్వాతి నెల 12వ తేదీ, రాత్రి 11:07

ఉమ్మడి ఆస్తిలో పట్టా లేని నాలుగు ఎకరాలు ఎప్పుడూ ఉంటాయి. పడుకోండి సార్, పొద్దున్న చూసుకోవచ్చు.